ఆనుకోవడానికి గోడ

గోడలాయనకి నోరు తెరిస్తే ఏదో ఒకదానికి ఆనుకోవాలి. గుమ్మమో, బీరువానో, పక్కవాడి బల్లో, ఏది దొరికితే దానికి భుజం ఆనించి, చూపుడువేలితో గాల్లో గీతలు గీస్తూ అందుకుంటాడు. ఒకప్పుడు ఇళ్లు కట్టించిన ఆర్కిటెక్టు. స్లాబు కారుతోందంటూ జనం ప్రాణం తోడేస్తుంటే, ఎన్నడూ వాన పడని వర్చువల్ రియాలిటీకి మకాం మార్చి, కళ్లకి హెడ్‌సెట్ తగిలించుకుని చూసే కథలకి ఇళ్లు గీస్తున్నాడు. "కథకి మనుషులెందుకండీ? ఇరుకు నడవాలో నడిపిస్తే భయం, కిటికీ తెరిస్తే ఆశ. కథ చెప్పేది గోడే!" అంటాడు. సొంతింట్లో స్నానాలగది తలుపు మూసుకోదు. భార్య ఏళ్ల తరబడి బకెట్టు అడ్డం పెట్టుకునే స్నానం చేస్తోంది. ఆ తలుపు ఏ కథ చెబుతోందో ఆయన ఎన్నడూ వినలేదు.

మొన్న పెట్టుబడి పెట్టేవాళ్లు వస్తే, చప్పట్లకి ఒక జత చేతులు ఎక్కువుంటాయని భార్యనీ ఆఫీసుకి రమ్మన్నాడు. హెడ్‌సెట్ తగిలించుకుని ఖాళీ గది మధ్యలో నిలబడ్డాడు. ఆయన చూస్తున్నదంతా ఎదుటి తెర మీద అందరికీ కనిపిస్తోంది. "ఇది మొగుడు పట్టించుకోని ఓ ఇల్లాలి ఇల్లు. ఆవిడ దిగులంతా ఈ గోడలోనే ఉంది, చూడండి," అంటూ, అలవాటు చొప్పున, తను గీసిన ఆ గోడకే భుజం ఆనించాడు. దబ్బున నేల మీద పడ్డాడు. భార్య పరుగున వచ్చి చెయ్యి అందించింది. ఆయన ఆ చెయ్యి విదిలించేసి, హెడ్‌సెట్ తియ్యకుండానే, మనుషులెవరూ లేని వైపు తిరిగి, "చూశారా! కట్టినవాణ్ణే నమ్మించింది నా గోడ!" అన్నాడు.

"అయితే దాన్నే పట్టుకుని లేవండి," అంది భార్య.