ఎనిమిదో ప్రశ్న

రెండువేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్ళకి నాకు ప్రొస్టేటు గ్రంథి వాచింది. రేపల్లెలో గుమాస్తాగా చేసి రిటైరై, ఒక్కణ్ణే ఉంటున్నాను. మా ఆవిడ అంతకుముందే పోయింది. పిల్లల్లేరు.

మూత్రం గంటసేపు కూడా ఆపుకోలేకపోయేవాణ్ణి. చర్చిలో ముందు బెంచీ వదిలి తలుపు పక్కకి మారాను. కొన్నాళ్ళకి అదీ మానేశాను. బస్సు ఎక్కడమంటే భయం. బావగారు పోయి ఏడాదైందని, జ్ఞాపకార్థ కూడికకి రమ్మని బాపట్ల నుంచి మా అక్క కబురు పెట్టింది. ఒంట్లో బాగాలేదని చెప్పించి ఊరుకున్నాను. ఇలాంటి సంగతి అక్కతో ఎలా చెబుతాను?

చివరికి తెనాలిలో ఒక డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను, రైల్లో. రైలైతే లోపలే మరుగుదొడ్డి ఉంటుంది. అక్కడ నర్సు ఒక ఇంగ్లీషు కాగితం పట్టుకుని తెలుగులో ప్రశ్నలడిగింది. నాకు కూతురుంటే ఆ వయసే ఉండేది.

“పోయిన నెల్లో, వెళ్ళొచ్చిన రెండు గంటల్లోపే మళ్ళీ వెళ్ళాల్సొచ్చిందా బాబాయ్‌గారూ? అసలు లేదంటే సున్నా, ఎప్పుడూ అంతే అంటే అయిదు.”

“అయిదేనమ్మా,” అన్నాను గోడవైపు చూస్తూ.

అలాంటివి ఏడు. మొత్తం ఇరవై ఆరు వచ్చింది. ఎనిమిదోది విడిగా అడిగింది. “మిగతా జీవితమంతా ఇలాగే గడపాల్సొస్తే ఎలా ఉంటుందండి?”

“ఘోరంగా ఉంటుంది.”

మందులు పనిచేశాయి. మూడు నెలలకి మళ్ళీ అడిగితే ఏడు ప్రశ్నలకీ కలిపి తొమ్మిదే వచ్చింది. నర్సు సంతోషపడింది. ఎనిమిదో ప్రశ్న మళ్ళీ విడిగా అడిగింది.

“అంతంత మాత్రం,” అన్నాను.

“అన్నీ ఇంత తగ్గాయి కదా, ఇదేంటండి?”

“ఇది ఒంటేలు సంగతేనా అమ్మా, మొత్తం జీవితమా?”

ఆ అమ్మాయి కాగితం మళ్ళీ చదివింది. “ఒంటేలు సంగతేనండి.”

“అయితే బాగుందని రాయి.”

ఆ ఆదివారం చర్చికి వెళ్ళాను. నేను కూర్చునే చోట వేరెవరో కుటుంబంతో కూర్చున్నారు. వందనాలు చెప్పారు. ఇన్నాళ్ళూ ఏమయ్యావని ఎవరూ అడగలేదు. మర్నాడే బాపట్ల బస్సెక్కాను. దారిలో ఎక్కడా దిగాల్సిన అవసరం రాలేదు.

అక్క తలుపు తీసి, “దారి తప్పొచ్చావా?” అంది.

అన్నం వడ్డిస్తూ మళ్ళీ అందుకుంది. “మీ బావ ఎప్పుడో ఏదో అన్నాడని మనసులో పెట్టుకున్నావనుకున్నా. అందుకే ఇంక పిలవలేదు.”

కంచంలోకి చూస్తూ ఉన్నదంతా చెప్పాను. ఆవిడ గరిటె గిన్నెలో పెట్టేసింది.

“ఒక్క నిమిషం బస్సాపమంటే ఆపరా?”

“ఆపుతారు. అందరి ముందూ అడగాలిగా.”

“పోనీ నాతో అయినా చెప్పాల్సింది,” అంది.

రెండ్రోజులున్నాను. ఒక్కతే ఉండటం ఆవిడకి అలవాటైపోయింది. సాయంత్రం దీపం పెట్టగానే తనకి తానే బైబిలు పైకి చదువుకుంటుంది. వెళ్ళి పక్కన కూర్చోవాలో వద్దో తెలియక వసారాలోనే ఉండిపోయాను. రెండోరోజు పొద్దున సమాధుల తోటకి తీసుకెళ్ళింది. బావగారి సమాధి మీద సిమెంటు అప్పుడే నల్లబడింది. అక్క కొంగుతో దాని మీది ఆకులు తోసేసి, “కూడికకి రాలేకపోయావుగా, కాసేపుండు,” అని నన్నొక్కణ్ణే అక్కడ వదిలి గేటు దగ్గరికెళ్ళి నిలబడింది.