స్పీకర్‌లో సిమెంటు

నా చిన్నప్పుడు, పదేళ్ళుంటాయేమో, ఒక శుక్రవారం మధ్యాహ్నం మా నాన్న పెద్ద అట్టపెట్టె మోసుకుంటూ ఇంటికి వచ్చారు. దోహాలో అబూ హమూర్ వైపు, ఒక పాత విల్లాను గదులుగా విడగొట్టి అద్దెకిచ్చిన చోట ఉండేవాళ్ళం. నాన్న ఒక నిర్మాణ కంపెనీలో స్టోర్ కీపర్. అంతకు ముందు వారం ఆయన పై అధికారి మమ్మల్ని భోజనానికి పిలిచి, వాళ్ళ హోమ్ థియేటర్‌లో సినిమా చూపించాడు. తెర మీద వాన పడుతుంటే మా నెత్తిన పడుతున్నట్టే ఉంది. ఎంతైంది సార్ అని నాన్న అడిగితే ఆయన నవ్వి, "నీకెందుకయ్యా అది?" అన్నాడు. ఆ మాట నాన్నకు ఎక్కడో గుచ్చుకుంది.

పెట్టెలో ఐదు నల్లటి స్పీకర్లు, వాటితోపాటు ఒక లావుపాటి డబ్బా ఉన్నాయి. సూపర్‌మార్కెట్ బయట వ్యాన్‌లో ఎవడో అమ్మాడట. ఏదో ప్యాలెస్‌లో బిగించగా మిగిలాయని, అందుకే షాపు ధరలో నాలుగో వంతుకు ఇస్తున్నానని చెప్పాడట. వైర్లన్నీ తగిలించి పాట పెడితే, నోట్లో గుడ్డ కుక్కుకుని ఎవరో పాడుతున్నట్టు వినిపించింది. మూడింటిలోంచి అసలు శబ్దమే రాలేదు.

పక్కగది మామయ్యను పిలిచాం. ఆయన మాకు చుట్టమేమీ కాదు. జగిత్యాల వైపు మనిషి, విల్లాల్లో ఏసీలు, టీవీలు బాగుచేసేవాడు. ఆయన లావు డబ్బా వెనక మరలు విప్పి పక్కకు జరిగాడు. లోపల బరువు కోసం అంటించిన సిమెంటు ముద్ద ఒకటి ఉంది. బయటికి కనబడే పెద్ద గుండ్రటి స్పీకర్ ఉత్త ప్లాస్టిక్ మూత. దాని వెనక పిల్లల బొమ్మల్లో ఉండేంత చిన్న స్పీకర్. కుళ్ళిన జిగురు కంపు, అందులో అతుక్కుని ఎండిపోయిన రెండు బొద్దింకలు.

"పైసలు పోయినయ్ అన్నా. ఆ వ్యానోడు ఇగ దొరుకుతడా?" అని మామయ్య వెళ్ళిపోయాడు. నాన్న మరలన్నీ బిగించి, తడిగుడ్డతో తుడిచి, ప్లాస్టిక్ కవర్లు తొడిగి, అన్నీ ఎలా వచ్చాయో అలాగే పెట్టెలో సర్దారు. ఎందుకో నాకు అర్థం కాలేదు.

మరుసటి శుక్రవారం అర్థమైంది. నాన్న కంపెనీలోనే ఇనుప కడ్డీలు కట్టే పని చేసే ఒకాయన, కూలీలుండే క్యాంప్ నుంచి మా ఇంటికి వచ్చాడు. మూడేళ్ళ తర్వాత సెలవు మీద ఊరికి వెళ్తున్నాడు. పిల్లలకు స్పీకర్లు తెస్తానని మాటిచ్చి, షాపుల్లో ధరలు విని వెనక్కి తిరిగి, తక్కువలో ఏమైనా దొరికితే చూడమని నాన్ననే అడిగాడు. క్యాంప్‌లో వాళ్ళ కాగితాలన్నీ నాన్నే రాసిపెట్టేవారు, అందుకని ఆయన మాటంటే వాళ్ళకు గురి. ఆ వచ్చినాయన స్పీకర్‌ను ముట్టుకునే ముందు అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"ఇలాంటివి బయట దొరకవయ్యా. నువ్వు కాబట్టి ఇస్తున్నాను" అన్నారు నాన్న. రోజూ నాకు పాఠాలు చెప్పే గొంతుతోనే అన్నారు.

"ఒక్కపారి పెట్టి సూపెట్టున్రి సార్."

వైర్లు లోపల సర్దేశానని, ఊరికెళ్ళి పెట్టుకోమని నాన్న దాటేశారు. అప్పుడాయన నా వైపు తిరిగాడు. "నువ్వు ఇన్నవా బిడ్డా? మంచిగ ఇనబడ్తదా?"

నాన్న నన్ను చూశారు. "ఊఁ" అంటూ నేను తల ఊపాను.

తర్వాత ఆయన వైపు చూడలేక, పెట్టె మీది అక్షరాలు చదువుతూ నిలబడ్డాను.

మా గదులకు మధ్య ఉన్నది ప్లైవుడ్ గోడే. అవతల అంతా వినబడింది కాబోలు, మామయ్య వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "తమ్మీ, గింత బరువు విమానంల ఒప్పుకోరు. లోపట ఉత్త బరువుంది, తీసిస్త" అని జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. నాన్న వద్దని సైగ చేస్తున్నా చూడనట్టే మరలు విప్పి, సిమెంటు ముద్ద ఊడబెరికి ఆయన చేతిలో పెట్టాడు.

"అన్నకు ఎవడో అంటగట్టిండు. నీకిచ్చే ముందు ఒక్కసారి లోపట సూడుమని అన్ననే నన్ను రమ్మన్నడు" అన్నాడు, నాన్న మొహం చూడకుండా.

ఆ మనిషి ముద్దను కింద పెట్టి నాన్న రెండు చేతులూ పట్టుకున్నాడు. "దేవుని అసొంటోళ్ళు సార్ మీరు. వేరేటోళ్ళయితే నాకే అంటగడుదురు."

నాన్న కాదనలేదు. చేతులు వెనక్కి తీసుకోలేక, తలెత్తలేక అలాగే నిలబడ్డారు. అబద్ధం చెప్పినప్పటి కన్నా ఆ పొగడ్తను ఒప్పుకుంటున్నప్పుడే ఆయన్ను చూస్తే నాకు ఎక్కువ రోత పుట్టింది.

సాయంత్రం మామయ్య, అల్ ఘర్రాఫాలో తాను పనిచేసే విల్లా డాబా మీద పడేసిన రెండు చిన్న చెక్క స్పీకర్లను అడిగి తెచ్చాడు. వాటినిండా పావురాల రెట్టలు. లోపలి కాగితపు చక్రం చుట్టూ ఉండే స్పాంజి చివికి, తారులా వేళ్ళకు అంటుకుంటోంది. "గన్ని డబ్బాలు ఏం జేసుకుంటడు? మంచియి రెండుంటే సాలు. చెక్క గట్టిగుంది, స్పాంజి మారిస్తె అయిపాయె" అన్నాడు. ఎవరూ చెప్పకుండానే నాన్న స్నానాలగది ముందు పీట వేసుకుని, పాత టూత్‌బ్రష్‌తో ఆ రెట్టలన్నీ గీకారు. ముక్కుకు గుడ్డ కూడా కట్టుకోలేదు. మామయ్య కొత్త స్పాంజి అంటించి, తన దగ్గరున్న పాత ఆంప్లిఫయర్‌కు కలిపాడు. పాట పెడితే, పల్లవి అయ్యాక గాయని ఊపిరి తీసుకోవడం కూడా వినబడింది. ఊరికెళ్ళే ఆయన వాటినే తీసుకెళ్ళాడు. నాన్న ఏమీ పుచ్చుకోలేదు.

మామయ్య వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగాడు. "ఎరుక లేదంటె గూడ సరిపోతుండె బిడ్డా" అని మెల్లగా అన్నాడు. కోప్పడి ఉంటే బాగుండేది.

నాన్న వయసుకు వచ్చాక నాన్నను క్షమించగలిగాను. నన్ను మాత్రం ఇంకా క్షమించుకోలేదు. జుట్టు నెరిసింది, ఇంకా దోహాలోనే ఉన్నాను. పోయిన నెల కడప వైపు నుంచి ఇంటిపనికి వచ్చిన ఒకమ్మాయి, పక్కనే ఉన్న ఏజెంటును చూపించి, "ఈయన్ని నమ్మి పాస్‌పోర్టు ఇయ్యొచ్చా ఆంటీ?" అని అడిగింది. అతను పాస్‌పోర్టు తీసుకుంటే మళ్ళీ తిరిగివ్వడని నాకు బాగా తెలుసు. అతను నవ్వుతూ నా వైపే చూస్తున్నాడు.

"ఇవ్వొద్దమ్మా" అన్నాను.