చుక్కలున్న చోట మీ పేరు

రాజమండ్రిలో బుల్లిబాబుగారి ప్రెస్సులో పాపాయి ఇరవై ఆరేళ్లు సీసపు అక్షరాలు పేర్చింది. శుభలేఖలు, కరపత్రాలు, అన్నిటికంటే ఎక్కువగా సత్యనారాయణ వ్రతం పుస్తకాలు. కళ్లు మూసుకున్నా 'క్ష' ఏ గడిలో ఉందో ఆమె వేళ్లకు తెలుసు. అంతటి మనిషీ 1997లో ప్రెస్సుకు కంప్యూటరు రాగానే ప్రూఫులు దిద్దే బల్ల దగ్గరికి వచ్చిపడింది. అక్షరాల గళ్లపెట్టెలు వచ్చే నెలలో తూకానికి అమ్మేస్తారట. వాటితోపాటు తననూ సాగనంపుతారని ఆమె నమ్మకం. భర్త పోయాక ఆ పనే ఆధారం. పదిరోజులుగా ఆమెకు ముద్ద దిగడం లేదు.

అప్పుడే కాకినాడలో కంప్యూటర్లు నేర్పే సుప్రియ ఒక పుస్తకం అచ్చుకిచ్చింది. ప్రోగ్రాములు రాయడం తెలుగులో నేర్పే పుస్తకం, వేయి కాపీలు. ముందు పది కాపీలు వేయించుకుని తన విద్యార్థులకిచ్చి చూసింది. మూడోరోజుకల్లా మొహం గంటుపెట్టుకుని బస్సు దిగింది.

"ఉన్నదున్నట్టు కొట్టేస్తున్నారండి బుల్లిబాబుగారూ! వాలు అక్షరాల్లో 'ఫైల్‌నేమ్' అని ఉంటే అక్కడ వాళ్ల ఫైలు పేరు కొట్టాలి కదండీ. అందరూ 'ఫైల్‌నేమ్' అనే కొడుతున్నారు. అలాంటి ఫైలు లేదని కంప్యూటరు మొండికేస్తోంది. 'ఎంటర్ నొక్కండి' అన్నది కూడా ఒకడు పొల్లుపోకుండా కొట్టాడు. ఈ పుస్తకం నేను వేయించలేనండి."

బుల్లిబాబుగారు తెల్లబోయారు. పాపాయికి మాత్రం నవ్వొచ్చింది. నవ్వే సమయం కాదని తెలుసు, అయినా ఆగలేదు.

"మా దొరబాబూ అంతేనండి," అంది.

దొరబాబు ఆమె మరిది. ఒకసారి పురోహితుడు దొరక్క, ఈ ప్రెస్సులో వేసిన పుస్తకమే ముందు పెట్టుకుని తానే వ్రతం చేసేసుకున్నాడు. "అక్షతలు వేయవలెను" అని గొంతెత్తి చదివాడు. "గోత్రము చెప్పుకొనవలెను" అనీ చదివాడు. గోత్రం మాత్రం చెప్పలేదు. పీటల మీద పక్కన కూర్చున్న పెళ్లాం తల బాదుకుంది. ఆ తర్వాతే పాపాయి పట్టుబట్టి ఆ పుస్తకం మార్పించింది. పైకి చదివేవి లావు అక్షరాలు. చేసే పనులు సన్న అక్షరాల్లో, బ్రాకెట్లలో. గోత్రం, పేరు చెప్పుకునే చోట చుక్కలు. ఏది ఎందుకో మొదటి పేజీలోనే చెప్పేసింది. మళ్లీ ఏ ఇంటినుంచీ ఫిర్యాదు రాలేదు.

"వాలు అక్షరం మనవాళ్ల కంటికి ఆనదండి. అచ్చు పక్కకి ఒరిగిందనుకుంటారు. అదే చుక్కలు పెట్టారనుకోండి, అక్కడ మనది మనం చెప్పుకోవాలని ఇక్కడ అందరికీ తెలుసు," అంది పాపాయి.

సుప్రియ సరేనని, కొట్టాల్సినవి లావు అక్షరాల్లో, చేయాల్సినవి బ్రాకెట్లలో, ఎవరి పేరు వాళ్లు పెట్టుకునే చోట చుక్కలతో పుస్తకం మార్పించింది. మార్చిన పది కాపీలు పాపాయి చేతికే ఇచ్చి కాకినాడ పంపుతూ బుల్లిబాబుగారు అన్నారు: "ఇవి కూడా తిరిగొస్తే ఇంక మనకి ఈ పుస్తకాల పని లేదు పాపాయీ."

దారిపొడవునా ఆమె ఆ కాపీలు తిరగేసి చూసుకుంటూనే ఉంది. కాకినాడలో క్లాసు గదిలో వెనక బెంచీ మీద ఒదిగి కూర్చుంది. శ్రీదివ్య అనే అమ్మాయి లావు అక్షరాలు టకటకా కొట్టుకుంటూ వచ్చి, చుక్కల దగ్గర ఆగింది.

"మేడమ్, ఇక్కడ నా ఫైలు పేరే కదండీ?"

పాపాయికి ఒక్కసారిగా ఒళ్లు తేలికైపోయింది. పైటచెంగుతో కళ్లు తుడుచుకుంది, ఎవరు చూస్తే ఏంటనుకుంది. గదిలో ఒక్కరూ పొరపాటు పడలేదు.

సుప్రియ అక్కడినుంచే బుల్లిబాబుగారికి ఫోను చేసింది. "వేయి కాపీలూ వేసేయండి. మళ్లీ ఇంకో రెండు పుస్తకాలున్నాయండి. అయితే పేజీలన్నీ పాపాయిగారే కూర్చాలి."

"కంప్యూటరు దగ్గర రేపట్నుంచి ఆవిడే కూర్చుంటుందండి. నేర్పిస్తాను," అన్నారాయన. సుప్రియ ఆ మాట పాపాయికి చెప్పింది.

"నాకా? దాన్ని ముట్టుకోనైనా లేదండి!" అని పాపాయి కంగారుపడింది.

సుప్రియ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి పుస్తకం తెరిచి పెట్టింది. కొత్త ఫైలు తెరిచే వరుస అది. పాపాయి ఒక్కో ఇంగ్లీషు అక్షరమే వెతుక్కుంటూ లావువి కొట్టింది. చుక్కల దగ్గర ఆగి, తన పేరు కొట్టింది. బ్రాకెట్లో ఉన్నది కొట్టకుండా, చెప్పినట్టే ఎంటర్ నొక్కింది. కంప్యూటరు పేచీ పెట్టలేదు. తెర పైభాగంలో ఆమె పేరు వచ్చి నిలబడింది. ఎందరెందరి పేర్లో అచ్చు కూర్చిన మనిషి, తన పేరు పేర్చుకోవడం అదే మొదలు.

కాసేపు దాన్నే చూసి, సుప్రియ వైపు తిరిగింది.

"ఇక్కడ భోజనం ఎక్కడ బాగుంటుందండీ? ఆకలేస్తోంది."