అడవి రామదాసుకు కట్టిన తెర

రాయచూరులో సుంకప్ప ముప్పై నాలుగేళ్లు పెళ్లి ఫొటోలు తీశాడు. తాళి కట్టేవేళ ఎవరైనా అడ్డం నిలబడితే, "జర పక్కకు జరుగుండ్రి, కాకా" అని ఆయన అనే తీరుకు పురోహితుడు కూడా మంత్రం ఆపి జరిగేవాడు. ఆయన స్టూడియోలో గోడకు కట్టే తెరలు రెండుండేవి. ఒకటి జలపాతం, ఒకటి ఉత్త నీలం. ఫొటోలో మనిషి ఎలా ఉన్నా ఫరవాలేదు గాని మనిషి వెనక చెత్త ఉండకూడదన్నది ఆయన సిద్ధాంతం.

ఊళ్లో పక్షుల సంఘం వాళ్లు జిల్లాలోని వేటపక్షుల మీద ఫొటోల పోటీ పెట్టి, కరపత్రంలో "బ్యాక్‌గ్రౌండ్ శుభ్రంగా ఉండాలి" అని అచ్చువేశారు. అది తనను చూసే వేశారనుకున్నాడు సుంకప్ప.

"ఎప్పుడన్న పక్షిని తీసినవా?" అని అడిగింది భార్య నింగవ్వ.

"పెండ్లిపిల్లలను తీసినోనికి పక్షి ఏంది లెక్క? అది ఏడ్వదు, మేకప్ అడగదు."

మాన్వి దారిలో కాలువ కింద, ఆంధ్రా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల ఊరు, క్యాంపు అంటారు, ఒకటుంది. అక్కడి శివరామకృష్ణయ్య కూతురి పెళ్లికి ఫొటోలు తీసింది సుంకప్పే. ఆ పరిచయంతో ఫోన్ చేస్తే ఆయన, "మా ఇంటి పక్కన కరెంటు తీగ మీద రోజూ ఓ తెల్ల పిట్ట కూర్చుంటుందండి. కళ్లు చూస్తే రాత్రంతా తాగినట్టు ఎర్రగా ఉంటాయి" అన్నాడు. అది అడవి రామదాసు. గద్ద జాతే గాని కాకిని మించి పెరగదు. గాలిలో ఒక్కచోటే రెక్కలాడిస్తూ నిలబడి, కింద ఎలుక కనబడితే దిగుతుంది.

సుంకప్ప మోపెడ్ మీద పొద్దున్నే చేరేసరికి పక్షి తీగ మీదే ఉంది.

"గదువ జర కిందికి" అని అలవాటుగా గడ్డం దించమన్నాడు. అది కదల్లేదు. "స్వల్ప ఈ కడె నోడ్రి" అని, కొంచెం ఇటు చూడమని కన్నడంలో చెప్పాడు. "ఇధర్ దేఖో" అని అదే ఉర్దూలోనూ చెప్పాడు. పక్షి తోకెత్తి రెట్ట వేసింది.

ఇంటికొచ్చి చూసుకుంటే పక్షి బాగానే పడింది. దాని వెనక శివరామకృష్ణయ్య డాబా మీది దండెం, దండెం మీద ఆయన భార్య హనుమాయమ్మ నైటీలు మూడు కూడా బాగానే పడ్డాయి. గులాబీల నైటీ సరిగ్గా పక్షి తల వెనకుండి, దానికి పూలజడ వేసినట్టుంది.

మర్నాడు వెళ్లి, "అమ్మా, ఆ బట్టలు జర తీస్తరా? బ్యాక్‌గ్రౌండ్ ఖరాబైతుంది" అని అడిగాడు.

"ఇరవయ్యేళ్ల నుంచి అక్కడే ఆరేస్తున్నానండీ" అంది హనుమాయమ్మ. "ఆ పిట్ట నిన్నగాక మొన్నొచ్చింది. దాన్నే జరగమనండి."

శివరామకృష్ణయ్య బతిమాలి బట్టలు తీయించాడు. అవి తీసేసరికి అవతలి చేలో పురుగుమందుల ఫ్లెక్సీ బయటపడింది. దాని మీద ఎనిమిదడుగుల పచ్చపురుగు నోరు తెరుచుకుని ఉంది. ఆనాటి ఫొటోలో పురుగు అడవి రామదాసును నమలబోతున్నట్టుంది.

మూడోనాడు సుంకప్ప తెర తెచ్చాడు. నీలం తెరను ఎలుకలు కొరికేశాయి గనక జలపాతమే తెచ్చాడు. శివరామకృష్ణయ్య, కొడుకు హరిబాబు దాన్ని రెండు వెదురుగడలకు కట్టి డాబా మీద ఎత్తి పట్టుకున్నారు. తెర లేచిందో లేదో పక్షి ఎగిరిపోయింది. దాని బదులు జనం వచ్చారు.

ముందుగా ఒకావిడ పట్టుచీర కట్టుకుని, ఇద్దరాడపిల్లలకు జడలు వేసి మెట్లెక్కింది. వెనకాలే మరో నాలుగు కుటుంబాలు ఎక్కాయి.

"ఇది పక్షి కోసమమ్మా" అన్నాడు సుంకప్ప.

"మాదయ్యాక దాన్ని తియ్యండి, తొందరేముంది" అంది పట్టుచీరావిడ.

గడ్డం దించమంటే దించే మనుషులు ఎదురుగా నిలబడితే సుంకప్ప చేతులు ఊరుకోలేదు. పదకొండయ్యేసరికి క్యాంపునంతా జలపాతం ముందు తీశాడు. ఒకాయన కొత్తగా ఈనిన గేదెను తోలుకొచ్చాడు. అది మెట్లెక్కనంది. తెరనే కిందికి దించారు.

అందరూ వెళ్లాక సుంకప్ప మడిగట్టు మీద నడుస్తూ జారి వరిమడిలో పడ్డాడు. నడుము దాకా బురదైంది, కెమెరాను మాత్రం తడవనివ్వలేదు. తలెత్తి చూస్తే ముందున్న గట్టు మీద, మోకాలెత్తు కర్ర మీద, అడవి రామదాసు కాళ్ల కింద ఎలుకను పెట్టుకుని కూర్చుంది. అంత కిందనుంచి చూస్తే ఇల్లు లేదు, దండెం లేదు. పక్షి వెనక ఎక్కడో దూరాన వరి, అదీ కరిగి ఒకే పచ్చగా ఉంది. ఒక్క పక్కన మాత్రం ఫ్లెక్సీ అంచు తగులుతోంది.

"జర జరుగు" అనబోయి సుంకప్ప నోరు మూసుకున్నాడు. బురదలో బోర్లా పడుకుని, తానే రెండు మూరలు ఎడమకు పాకాడు. ఫ్లెక్సీ పోయింది. వరసగా ఏడు ఫొటోలు తీశాడు. పక్షి ఎలుక తోకను చివరిగా మింగి, ఆయన వంక ఒకసారి చూసి వెళ్లిపోయింది.

ఫొటో పోటీకి పంపిన పది రోజులకు పక్షుల సంఘం కార్యదర్శి రశ్మి ఫోన్ చేసింది. "ఫొటో మస్తు మంచిగుంది సార్. బ్యాక్‌గ్రౌండ్ మరీ సాఫుగుందని జడ్జీలకు డౌటొచ్చింది. ఎన్క పర్ద కట్టి తీసిన్రంటున్నరు. మీది స్టూడియో అంట గద?"

సుంకప్పకు కోపమూ వచ్చింది, కొంచెం గర్వమూ వచ్చింది. "డౌటున్నోళ్లను ఆదివారం రమ్మను, బిడ్డా. పాత బట్టలేసుకుని రమ్మను."

ఆదివారం ముగ్గురు జడ్జీలు వచ్చి, ప్యాంట్లు పైకి మడిచి, మడిలో వరసగా బోర్లా పడుకున్నారు. హనుమాయమ్మ కాఫీ తెచ్చి గట్టు మీద నిలబడి, "ఏం పోగొట్టుకున్నారండీ?" అని అడిగింది. పక్షి అప్పుడే కర్ర మీద వాలింది.

సుంకప్పకు రెండో బహుమతి ఇచ్చారు. మొదటిది ఎవరికని ఆయన అడగలేదు. జడ్జీల్లో ఒక పెద్దాయన మాత్రం ఆదివారమైతే చాలు, ఎవరికీ చెప్పకుండా వచ్చి ఆ మడిలో పడుకుంటున్నాడని శివరామకృష్ణయ్య చెబుతాడు. ఆయన కెమెరా కూడా తెచ్చుకోడట.