నూట తొంభై తొమ్మిది చింతగింజలు

ఉద్యోగంలో చేరిన కొత్తలో మనిషికి తనమీద తనకు ఉండేంత నమ్మకం ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ ఉండదు. నాకైతే అది కాస్త ఎక్కువే ఉండేది. బీఈడీ పూర్తిచేసి, ఖాజాగూడలో ఒక ఇంటిని కిరాయికి తీసుకుని నడిపే చిన్న బడిలో రెండో తరగతి టీచరుగా చేరాను. కిటికీలోంచి ఒకవైపు గుట్టరాళ్ళు, ఇంకోవైపు ఐటీ కంపెనీల అద్దాల మేడలు కనిపించేవి. ఆ మేడలకు కాపలా కాసేవాళ్ళ పిల్లలు, కార్లు నడిపేవాళ్ళ పిల్లలు, చుట్టుపక్కల దవాఖానల్లో నర్సుల పిల్లలు మా బడికి వచ్చేవారు. లెక్కలంటే వాళ్ళకున్న భయం పోగొట్టడానికే నేను పుట్టానని గట్టిగా నమ్మేదాన్ని. (పిల్లలకు మాత్రం అప్పటికింకా ఈ సంగతి తెలియదు.)

నా తరగతిలో ఒక పాప ఉండేది. ఏ లెక్క అడిగినా "ఏమో టీచర్" అనేది. దాంతో తోటిపిల్లలు దానికి "ఏమో" అనే పేరే ఖాయం చేశారు. కూడికలు వేళ్ళమీద ఎలాగో లాక్కొచ్చేది గానీ, తీసివేత అనగానే తల దించుకుని కూర్చునేది. వాళ్ళమ్మ దగ్గర్లోని దవాఖానలో నర్సు. డ్యూటీకి పోతూ పాపని గేటు దగ్గర దింపి, "మా బిడ్డకు లెక్కలు జర వస్తున్నయా టీచర్?" అని రోజూ అడిగేది. "వస్తాయండి" అని నేనూ రోజూ అనేదాన్ని. మేమంతా పెద్ద మేడమ్ అని పిలిచే ప్రిన్సిపాల్ ఒకరోజు నన్ను పిలిచి, "శనివారం నేనే వచ్చి చూస్తాను. తీసివేత రాకపోతే ఆ పాపని ఒకటో తరగతిలో కూర్చోబెడదాం" అన్నారు. అంతమంది ముందు ఆ పిల్లని లేపి కింది తరగతికి పంపడం తలుచుకుంటే ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. నా ఉద్యోగం కూడా ఇంకా ఖాయం కాలేదని గుర్తొచ్చాక పెరుగన్నం కూడా సహించలేదు.

కూకట్‌పల్లిలో మా ఇంట్లో అమ్మ ఏటా చింతపండు కొని, గింజలు తీసి, కడిగి ఎండబెట్టి డబ్బాలో దాచేది. వామనగుంటలు ఆడేవాళ్ళు ఇంట్లో ఎవరూ లేకపోయినా సరే దాచేది. రెండు వందల గింజలు కావాలన్నాను. ఇస్తూ, "లెక్కపెట్టి ఇవ్వు, లెక్కపెట్టి తీసుకో. ఒక్కటి తగ్గినా ఊరుకోకు" అంది. పక్కింటికి ఇచ్చిన గిన్నె సాయంత్రానికల్లా తిరిగి రాకపోతే కుదురుగా కూర్చోలేని మనిషి మా అమ్మ. చింతగింజల దగ్గర కూడా పిసినారితనమేనా అని లోపల నవ్వుకున్నాను.

ఆటకి దాగుడుగింజలు అని పేరు పెట్టాను. ఇరవై మందికి తలా పది గింజలు. ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చోవాలి. ఒకరు కొన్ని గింజలు టిఫిన్ డబ్బా మూతకింద దాచి, మిగతావి చూపించాలి. కనబడేవి ఏడైతే దాక్కున్నవి ఎన్నో రెండోవాళ్ళు చెప్పాలి. తీసివేత అన్న మాట ఎత్తకుండానే తీసివేత నేర్పడమన్నమాట. శనివారం పెద్ద మేడమ్ వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. తరగతి గలగలలాడింది. ఏమోకి ఎదురుగా కూర్చున్న పిల్ల "తొండి! తొండి!" అని రెండుసార్లు అరిచింది గానీ, ఆ సంబరంలో నేను పట్టించుకోలేదు.

ఆట అయ్యాక గింజలు వెనక్కి తీసుకుని లెక్కపెట్టాను. నూట తొంభై తొమ్మిది. మళ్ళీ లెక్కపెట్టినా అంతే. "ఒక్క గింజే కదండీ, పోనివ్వండి" అన్నారు పెద్ద మేడమ్. పోనిచ్చేదాన్నే. కానీ ఒకటి తగ్గించి తీసుకెళ్తే అమ్మ వారం రోజులు దెప్పుతుందని, వరసగా ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చాను. ఏమో లేచి నిలబడింది. ఈసారి మాత్రం "ఏమో" అనలేదు.

"తొమ్మిది ఇచ్చిన టీచర్. పదిల తొమ్మిది పోతే ఒకటి. గది ముక్కుల ఉంది."

"కరెక్ట్!" అన్నాను. అన్న తర్వాత అర్థమైంది.

"మూతకింద పెడితే సప్పుడైతుంది టీచర్. అది ఇని చెప్పేస్తుంది. అందుకే ముక్కుల దాచిన" అంది పాప, ఎదుటి పిల్లని చూపిస్తూ.

బడి ఆయమ్మ, నశ్యం పీలిస్తే పాప తుమ్ముతుందంది. వాచ్‌మన్ పిన్నీసుతో సిద్ధమయ్యాడు. పెద్ద మేడమ్ ఇద్దర్నీ ఆపి పాప వాళ్ళమ్మకి ఫోన్ చేశారు. ఆమె డ్యూటీ బట్టల్లోనే పరుగున వచ్చింది.

"నీళ్ళు గిట్ల పొయ్యలే కదా? తడిస్తే ఉబ్బుతది. ఎవ్వరు ముట్టకుండ్రి."

పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, రెండో ముక్కుపుటాన్ని వేలితో మూసి, నోటికి నోరు ఆనించి ఒక్కసారి ఊదింది. గింజ ఎగిరి వచ్చి పెద్ద మేడమ్ రిజిస్టరు మీద పడింది. "రెండొందలు!" అని పిల్లలంతా చప్పట్లు కొట్టారు.

ఆమె మాత్రం నావైపు తిరిగి, "మీ మీద నమ్మకంతోని బిడ్డను ఇడిసి పోతున్న టీచర్" అంది. గొంతు పెంచలేదు. గట్టిగా తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. పెద్ద మేడమ్ రిజిస్టరు తుడుచుకుని, "పదిలో తొమ్మిది పోతే ఎంతమ్మా?" అని పాపని అడిగారు.

"ఒకటి మేడమ్."

"నా బిడ్డనా చెప్పింది?" అంది తల్లి. నవ్వబోయి ఏడ్చేసింది. ఆ గింజని దూదిలో చుట్టుకుని తీసుకుపోయింది. పాప రెండో తరగతిలోనే ఉండిపోయింది. నాకు మాత్రం ముక్కులో పట్టే వస్తువులేవీ తరగతిలో వాడరాదని మెమో వచ్చింది. (ఉద్యోగం ఖాయం కాకముందే వచ్చిన మెమో. ఇప్పటికీ దాచుకున్నాను.)

సాయంత్రం అమ్మ గింజలు లెక్కపెట్టి, "ఒకటి ఏదే?" అంది. చెప్పాను. అమ్మ డబ్బా మూత గట్టిగా బిగించింది. తర్వాత, "నీకు మూడేళ్ళప్పుడు నువ్వూ పెట్టుకున్నావు. మీ నాన్నగారూ నేనూ నిన్ను భుజానేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాం. లెక్కపెట్టమన్నది అందుకే" అంది.

"ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదమ్మా!"

"చెబితే వింటావా? మా పిల్లలు అలాంటివాళ్ళు కాదమ్మా అనేదానివి. లెక్కల టీచరువి కదా, లెక్కైనా పెడతావనుకున్నాను."

ఇప్పుడు నేను కొత్త టీచర్లకు శిక్షణ ఇస్తున్నాను. గింజలు మానేసి, పిల్లల గుప్పిట్లో ఒక్కటే పట్టేంత చెక్కబిళ్ళలు చేయించాను. అమ్మ డబ్బాలోని నూట తొంభై తొమ్మిది గింజలూ ఇంట్లోనే ఉన్నాయి, తగ్గిన ఆ ఒక్కటీ కలపలేదు. లెక్కపెట్టి ఇవ్వండి, లెక్కపెట్టి తీసుకోండి అని నేను రెండుసార్లు చెబితే కొత్తవాళ్ళు ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటారు. ఈ మేడమ్ ఎంత పిసినారో అనుకుంటున్నారని నాకు తెలుసు. అనుకోనిస్తాను. కారణం మాత్రం చెప్పను. చెబితే, తమ పిల్లలు అలాంటివాళ్ళు కాదంటారు.