నాలుగు చక్రాలూ తిరిగే బండి

ఆ పీట ఇటు లాక్కుని దగ్గరగా కూర్చోండి. ఫ్యాను చప్పుడులో నా గొంతు సరిగా వినపడదు, పైగా ఇది గట్టిగా చెప్పుకునే సంగతి కూడా కాదు. మేం బండి కొన్న సంగతి చెబుతాను. నాలుగు చక్రాలూ తిరిగే బండా, వెనక రెండు చక్రాలే తిరిగే బండా అని ఒక పూటంతా వాదించుకుని, చివరికి నా మాట మీద ఒకటి తెచ్చుకున్నాం. అది నా మాట కాకపోయి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటూనే ఉన్నాను.

మా ఊరు కంకిపాడు నుంచి ఏటివైపు వెళితే కరకట్ట పక్కన ఉంటుంది. కట్ట ఎక్కి అవతలికి దిగితే ఇసుక, ఇసుకలో కృష్ణ పాయ ఒకటి, పాయ దాటితే లంక. లంకంటే ఏటి మధ్యన మెరక నేల. అక్కడ మావాళ్లు నాలుగెకరాలు కౌలుకు తీసుకుని అరటి వేసేవారు. మా ఆయనా, మా మరిదీ ఇద్దరే అన్నదమ్ములు. నేనూ మా తోడికోడలూ పద్నాలుగేళ్లు ఒకే పొయ్యి మీద వండాం. ఆమె నన్ను అక్కా అనేది, నేను అమ్మాయ్ అని పిలిచేదాన్ని. మాట తక్కువ మనిషి. ఏదైనా అనదలుచుకుంటే ముందు కొంగు సర్దుకునేది. ఆలోగా నేను నాలుగు మాటలు అనేసి ఉండేదాన్ని.

లంకలోకి బాట ఊరికే ఉండదు, ఏటా వేసుకోవాలి. వరద తీశాక కార్తీకంలో పాయ చీలమండల లోతుకు వస్తుంది. అప్పుడు లంక రైతులంతా ఒక రోజు అనుకుని, ఇంటికొక మనిషి చొప్పున కత్తులు పట్టుకుని దిగేవారు. రెల్లు కోసి, మోపులు కట్టి తెచ్చి, ఇసుక మీద అడ్డంగా పరిచేవారు. అది కొట్టుకుపోకుండా రెండు పక్కలా బారెడు దూరానికి ఒక కర్ర పాతేవారు. ఆ గడ్డి మీద ట్రాక్టరు చక్రానికి పట్టు దొరికేది. గడ్డి బాట అనేవాళ్లం. మేం ఆడవాళ్లం మధ్యాహ్నానికి పులిహోర గిన్నెలు నెత్తిన పెట్టుకుని కట్ట దిగేవాళ్లం. ఆ రోజు రాని ఇంటిని ఏడాదంతా దెప్పేవారు.

ఊళ్లో ట్రాక్టర్లు రెండే. మన వంతు వచ్చేసరికి కోసిన గెలలు ఎండకు నల్లబడిపోయేవి. సొంత బండి ఉంటే అన్న మాట అలా పుట్టింది. మా మరిదికి అప్పటికే లైసెన్సు ఉంది. ఒకరోజు పొద్దున్నే నలుగురం బస్సెక్కి బెజవాడలో పటమట దాటాక రోడ్డు పక్కనున్న షోరూముకి వెళ్లాం. అద్దాల తలుపు దగ్గర చెప్పులు విడవాలా వద్దా అని మా తోడికోడలు ఆగిపోతే, నేనే చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లాను.

బండ్లు చూపించే ఆయన మర్యాదస్తుడే. రెండు పికప్పులు పక్కపక్కన ఉన్నాయి, చూపుకి ఒకేలా. "ఇది టూ వీల్ డ్రైవండి, అది ఫోర్ వీల్ డ్రైవండి" అన్నాడు.

మా ఆయన మొహం చిట్లించాడు. "టూ వీలర్ మాకెందుకయ్యా? ఇంట్లో మోటార్ సైకిలుంది. ఫోర్ వీలర్ చూపించు."

"రెండూ ఫోర్ వీలర్లేనండి. డ్రైవు వేరండి."

"డ్రైవు మావాడు చేసుకుంటాడు. నువ్వు బండి చూపించవయ్యా."

మా మరిది నవ్వాపుకోలేకపోయాడు. "అన్నయ్యా, నువ్వు కాసేపు ఆ కుర్చీలో కూర్చుని మంచినీళ్లు తాగు."

అప్పుడు ఆయన ఓపిగ్గా విడమరిచాడు. ఒకదానికి ఇంజను బలమంతా వెనక రెండు చక్రాలకే పోతుంది, ముందువి ఊరికే దొర్లుతాయి. రెండోదానికి గేరు రాడ్డు పక్కన ఇంకో చిన్న రాడ్డు ఉంటుంది. అది లాగితే ముందు చక్రాలు కూడా బండిని లాగుతాయి. "రోడ్డు మీద తిరిగేవాళ్లకి టూ వీల్ చాలండి. ఆయిలు తక్కువ తాగుద్ది, రిపేరూ తక్కువే. ఇసుకా బురదా ఉంటేనే ఫోర్ వీల్. అదైనా ఎక్కడికైనా పోద్దని కాదండి. టూ వీల్ కూరుకుపోయే చోట ఇది ఇంకో పది గజాలు ముందుకు పోద్ది, అంతే."

"ఆ పది గజాలే మాకు కావాల్సింది" అన్నాను నేను.

మా ఆయన వెనకాడాడు. రేటు ఎక్కువ, పైగా మెకానిక్కు దొరుకుతాడో లేదో అన్నాడు. నేనూరుకోలేదు. "ఇంట్లో నలుగురం నాలుగు చేతులా కష్టపడుతున్నాం. బండికి మాత్రం రెండు చక్రాలు పనిచేస్తే రెండు ఊరికే దొర్లుతాయా? అదేం బండండీ? పెళ్లికొచ్చిన చుట్టంలాగా" అన్నాను. షోరూములో వాళ్లంతా నవ్వారు. మా మరిది అందుకున్నాడు. "పోనీ టూ వీలే తీసుకుందాం వదినా, పూజకి నిమ్మకాయలు రెండే సరిపోతాయి." అతనికి ఏది కావాలో కళ్లలోనే తెలుస్తోంది. ఆ చిన్న రాడ్డు మీద నుంచి చెయ్యి తీయడం లేదు.

మా తోడికోడలు కొంగు సర్దుకుంది. నేను చూశాను. చూసి కూడా, "అమ్మాయ్, రంగు నువ్వు చెప్పు" అన్నాను. తెలుపని చెప్పింది. తెల్ల బండే తెచ్చుకున్నాం.

మొదటి ఏడాది ఆ బండి ఏ ట్రాక్టరూ పోలేని చోటికల్లా పోయింది. మా మరిది చిన్న రాడ్డు లాగితే కింద ఏదో పట్టుకున్నట్టు టక్కుమనేది, ఇసుకను పిండిలా విసురుకుంటూ కట్ట ఎక్కేది. ఆ కార్తీకంలో గడ్డి కోయడానికి మా ఇంటి నుంచి ఎవరూ వెళ్లలేదు. "మా బండికి గడ్డెందుకు బాబాయ్" అన్నాడట మా మరిది, పిలవడానికి వచ్చిన పెద్దాయనతో. ఆయన లంక రైతుల్లో అందరికన్నా వయసు మీరినవాడు, వరసకు బాబాయి. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. వాళ్లు నొచ్చుకున్నారని తెలుసు. మరుసటి ఏడాదికి వాళ్ల గెలలు కూడా మా బండి మీదే రావడం మొదలైంది. ఇక బాటతో వాళ్లకీ పని లేదు. రెల్లు కోసేవాడూ లేడు, కర్రలు పాతేవాడూ లేడు. పులిహోర వండే పని తప్పిందని నేను సంతోషించాను కూడా.

ఆ ఎండాకాలం పాయలో అక్కడక్కడా ఇసుక తోడుకుపోయారు. ఎవరు తోడారో మాకు తెలీదు. గోతులు మాత్రం మిగిలాయి. పొడిగా ఉన్నప్పుడు కళ్లకు కనపడేవి, చుట్టూ తిరిగి పోయేవాళ్లు.

మూడో ఏడు కార్తీకం దాటాక తుపాను వానలు పట్టాయి. ఆ పొద్దున మా ఊళ్లో చినుకు లేదు. మా మరిది పాయ దాటి వెళ్లి గెలలు కోయించాడు. పదకొండింటికి కట్ట మీద ఆటో ఒకటి మైకు పెట్టుకుని వచ్చింది, పైనుంచి నీళ్లు వస్తున్నాయి, లంకలో ఉన్నవాళ్లు ఒడ్డుకి వచ్చేయండని. మేం ముగ్గురం కట్ట మీదికి పరిగెత్తాం. అప్పటికే పాయ నిండా ఎర్రనీళ్లు. కూలీలు పడవలో వచ్చేశారు. మా మరిదికి కూడా పడవలో చోటు ఉందట. బండి వదిలి రానన్నాడట.

మా ఆయన ఫోను చేశాడు. "బండిని మెరక మీద పెట్టేసి పడవెక్కరా. ఇంకోసారి పంపిస్తాం."

ఫోను పెద్దగా వినపడేది, అందరం విన్నాం. "కొత్త బండిని ఏట్లో వదిలి రమ్మంటావేంటన్నయ్యా. మోకాలి లోతు కూడా లేదు."

మా ఆయన ఫోను నా చేతిలో పెట్టాడు. "నువ్వు చెప్పు. నీ మాటైతే వింటాడు."

నేను, "రాగలవా?" అన్నాను.

"నువ్వు కొనిపించిన బండే గదా వదినా. రాలేకపోతే ఊళ్లో నీకే తలవంపులు."

నాకు నవ్వొచ్చింది. దాచడమెందుకు, నవ్వాను. "అయితే తొందరగా రా, అన్నం చల్లారిపోద్ది" అన్నాను. పక్కనుంచి మా తోడికోడలు ఫోను కోసం చెయ్యి చాచింది. "వచ్చేస్తున్నాడులే" అని నేను ఫోను కట్టేసి మా ఆయనకిచ్చాను.

బండి నీళ్లలోకి దిగడం చూశాం. బాగానే వచ్చింది. ముందర నీళ్లు రెండుగా చీలుతున్నాయి, వెనక పచ్చటి గెలలు ఊగుతున్నాయి. సగం దూరం దాటింది. మా ఆయన "వచ్చేశాడు" అని ఊపిరి వదిలాడు. అంతలో బండి ముందు భాగం కిందికి వంగింది, ఎవరో మెడ పట్టి నొక్కినట్టు. వెనక చక్రాలు పైకి లేచి గాలిలో తిరిగాయి. తర్వాత అవి కూడా మునిగాయి. గెలలు ఒక్కొక్కటే పైకి తేలి వరసగా దిగువకు పోయాయి. మా తోడికోడలు ఆ గెలల్నే చూస్తూ నిలబడింది, వాటి మధ్యన మనిషి తల కనపడుతుందేమోనని.

పడవవాళ్లు వెంటనే దూకారు. సుడికి బండి దగ్గరికి పోలేకపోయారు. సాయంత్రం నీటి ఉరవడి కాస్త తగ్గాక తాళ్లు కట్టి దిగి అతన్ని తీశారు. నీళ్ల బరువుకి తలుపు తెరుచుకోలేదన్నారు. చిన్న రాడ్డు లాగి పెట్టినట్టే ఉందని కూడా చెప్పారు. ఎందుకు చెప్పారో నాకు తెలీదు.

మూడో రోజున ఆ బాబాయి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "గడ్డి పట్టు కోసమే అనుకున్నార్రా మీరు. ఆ పక్కన పాతిన కర్రలు దేనికనుకున్నారు? ఎన్నిసార్లు నీళ్లు ముంచుకు రాలేదు, ఆ కర్రల కొసలు చూసుకుంటా ఎడ్లబండ్లే ఒడ్డెక్కాయి. వాటి మధ్యన ఎవడూ గొయ్యి తవ్వడు." ఆయన తప్పు పట్టడానికి అనలేదు. ఏడుస్తూ అన్నాడు. వాళ్లూ మానేశారు కదా, ఆ బరువు ఆయనకీ ఉంది.

దినాలయ్యాక మా తోడికోడలు పుట్టింటికి, మంగళగిరి వెళ్లిపోయింది. అక్కడ చీరల కొట్లో చీరలు మడతపెట్టే పనికి కుదిరింది. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే నాలుగు తిని ఊరుకునేదాన్ని. పండగకో పబ్బానికో ఫోను చేస్తే "బాగున్నానక్కా" అనేది, అంతే.

ఏడాది తిరిగాక మా ఆయన మళ్లీ బండి మాట ఎత్తాడు. పాత బండిని ట్రాక్టర్లతో లాగించి, వచ్చిన కాడికి ఎప్పుడో ఇచ్చేశాడు. లంకలో కౌలు ఇంకా ఉంది, బండి లేకపోతే గెలలు రావు. "ఈసారి ఏది తీసుకుందాం? టూ వీలా, ఫోర్ వీలా?" అని నన్నడిగాడు. "నేను చెప్పనండి. ఆ అమ్మాయినే అడుగుతాను" అని మర్నాడు మంగళగిరి బస్సెక్కాను.

కొట్లో మధ్యాహ్నం బేరాలు లేని వేళ. పరుపు మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. వచ్చిన పని చెప్పాను. ఆమె చీర మడత సగంలో ఆపింది. కొంగు సర్దుకుంది. ఆ ఒక్కసారి నేను నోరు మూసుకుని కూర్చున్నాను.

"ఆ రోజు షోరూములో నేనేం చెప్పబోయానో తెలుసా అక్కా?" అంది. "టూ వీలే చాలని. బండి పోలేని రోజున ఆయన ఇంట్లో ఉంటాడు గదా అని."

చేతిలో గ్లాసు కింద పెట్టాను.

"కట్ట మీద కూడా ఫోనడిగాను. వచ్చేయొద్దు, అక్కడే ఉండమని చెప్పేదాన్ని. నా మాట వినేవాడో లేదో తెలీదు. వినకపోయినా, చెప్పానన్న తృప్తైనా ఉండేది నాకు. అది కూడా మిగల్లేదు." గొంతు పెంచలేదు. కంటతడి కూడా పెట్టలేదు. "నువ్వు కొనిపించావని నాకు కోపం లేదక్కా. నేను పక్కనే ఉన్నాను. మీ ముగ్గుర్లో ఒక్కరికీ కనపడలేదు."

కాళ్లు పట్టుకోబోతే వెనక్కి జరిగింది. "వద్దక్కా. ఇక్కడందరూ చూస్తారు."

"బండి సంగతి చెప్పమ్మా" అన్నాను.

"ఏ బండీ వద్దు. ఆ కౌలు వదిలెయ్యండి. బావగారు ఆ నీళ్లలోకి దిగుతుంటే నువ్వు కట్ట మీద నిలబడాల్సి వస్తది. నేను నిలబడ్డాను, నీకొద్దు."

ఆ మాట విని ఇంటికొచ్చి మా ఆయనకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన పెరట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు. వచ్చాక కౌలు కాయితం తీసుకుని వెళ్లి ఇచ్చేసి వచ్చాడు. ఇప్పుడు ఊరి పొలాల్లో రోజుకూలికి పోతున్నాం, ఇద్దరం. ఆ అమ్మాయి మా ఇంటికి మళ్లీ రాలేదు. వస్తుందని నేను అనుకోవడం లేదు, రమ్మని అడిగే మొహం కూడా నాకు లేదు. నెలకోసారి నేనే వెళ్లి, ఆమె మాట్లాడితే వింటున్నాను, మాట్లాడకపోతే కూర్చుని వస్తున్నాను.

ఇంతసేపు విన్నారు, చల్లగా ఉండండి. మీ ఇంట్లోంచి బయటికెళ్లిన ప్రతి మనిషీ పొద్దుండగానే గుమ్మం ఎక్కాలి. మీ పొయ్యి మీద అన్నం తినేవాళ్ల కోసం వేడిగా ఉండాలి. మీ ఇంట్లో ఎవరి నోట మాట వాళ్ల నోట్లోనే ఆగిపోకూడదు తల్లీ, పిల్లాపాపలతో, పాడీపంటతో మీ ఇల్లు నిండుగా ఉండాలి.