పళ్లెంలో రాసిన పేరు

మస్కట్‌లో తొమ్మిదేళ్లు నేను చేసిన పని మంది కాగితాలు సరిచేయడం. కంపెనీలో వందలమంది వీసాలు, వాటి గడువులు నా బల్ల మీదుగానే పోయేవి. పేరులో ఒక్క తేడా ఉన్నా వాళ్లకంటే ముందు నేనే పట్టేవాణ్ని. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నేను రచ్చ గెలిచి వచ్చి ఇంట్లో బోర్లా పడ్డాను.

నా భార్యది ఫిలిప్పీన్స్. మా ఆఫీసు కింద బేకరీలో కౌంటరు చూసుకునేది. నాలుగేళ్ల పరిచయం తర్వాత ఇద్దరం ఉద్యోగాలు చాలించుకుని మహారాష్ట్ర సరిహద్దులో, మర్ఖేల్ దగ్గర మా ఊళ్లోనే ఉండాలనుకున్నాం. నేను దెగ్లూర్‌లో జిరాక్స్, ఆన్‌లైన్ ఫారాల దుకాణం పెట్టాను. తను టూరిస్టు వీసా మీద వచ్చింది. పెళ్లయ్యాక దాన్ని భార్యగా ఉండే వీసాకి మార్చుకోవచ్చు. ఆ రూలు నాకు కంఠతా వచ్చు.

మా అమ్మ కూలికి పోయి నన్ను చదివించిన మనిషి. విదేశీ కోడలంటే మొహం ముడుచుకుంటుందేమోనని భయపడ్డాను కానీ, ఇద్దరూ వచ్చీరాని హిందీలో మొదటి రోజే కలిసిపోయారు. పెళ్లి మా వాకిట్లోనే జరిగింది. సరిహద్దు ఊళ్లలో మరాఠీ వాళ్ల ఆనవాయితీలు కొన్ని మావే అయిపోయాయి. పళ్లెంలో బియ్యం పోసి, పెళ్లికొడుకు ఉంగరంతో కోడలికి కొత్త పేరు రాస్తాడు. పుట్టింటి పేరు ఆ రోజుతో సరి. అమ్మ మాహూర్ అమ్మవారి పేరు పెట్టాలని మొక్కుకుంది. నేను రాశాను. దూద్‌పేడాలు పంచారు. నా భార్య పళ్లెం వంక చూసి నవ్వింది.

మూడోరోజు గ్రామ పంచాయతీలో పెళ్లి నమోదు చేయించాం. గ్రామసేవక్ కోడలి పేరేమిటని అడిగితే అమ్మ ఠక్కున కొత్త పేరే చెప్పింది. నేను పక్కనే నిలబడి ఎవరికో పెళ్లి ఫొటోలు పంపుతున్నాను. చేతికొచ్చిన సర్టిఫికెట్ చూశాను కూడా. ఇంట్లో పిలిచే పేరే కనబడింది కాబట్టి తప్పని తోచలేదు. దాన్నే పాస్‌పోర్టుతో జతచేసి వీసా దరఖాస్తు పంపాను.

కొన్నాళ్లకు ఠాణా నుంచి హవల్దారు విచారణకు వచ్చాడు. నేను దుకాణంలో ఉన్నాను. ఆయన కిరాణా కొట్టు దగ్గర ఆగి పాస్‌పోర్టులోని పేరు చదివి, ఈమె ఇక్కడే ఉంటుందా అని అడిగాడట. "అసొంటి మనిషి మా ఊర్ల లేదు సాబ్" అన్నాడు కొట్టాయన. ఇంకో మూడిళ్లలోనూ అదే జవాబు. నా భార్య నలభై అడుగుల దూరంలో రొట్టెలు కాలుస్తోంది. ఊళ్లో ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఆ పేరు వాళ్లెప్పుడూ వినలేదు.

నాందేడ్‌లో విదేశీయుల సంగతి చూసే పోలీసు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. పాస్‌పోర్టులో ఒక పేరు, పెళ్లి సర్టిఫికెట్‌లో ఇంకొకటి, ఊళ్లో మనిషే లేదంటున్నారు, ఏమిటి సంగతి అన్నారు. వీసా గడువు ఇంక పదకొండు రోజులే. ఆలోగా తేలకపోతే తను దేశం వదిలి వెళ్లి, అక్కడ మళ్లీ మొదటినుంచి పెట్టుకోవాలి. ఎన్ని నెలలు పడుతుందో ఎవరూ చెప్పలేరు. ఈ మాటే ఎంతమందికి చల్లగా చెప్పానో. నా దాకా వచ్చేసరికి దుకాణం మూసి ఇంటికి పరుగెత్తాను.

"నీ పేర్ల పిచ్చితోని పిల్ల పోవాల్సొస్తుంది" అని అమ్మను కసిరాను. తెల్లారి అమ్మ మాకంటే ముందే తయారై కూర్చుంది. ముగ్గురం నాందేడ్ బస్సెక్కాం.

ఆఫీసులో ఉన్న మేడమ్ నెమ్మదస్తురాలు. పంచాయతీ రికార్డు సరిచేయించమంది. రెండు పేర్లూ ఒక్కరివేనని, పేరు మార్చినవాళ్లు ప్రమాణ పత్రం ఇవ్వాలంది. బయట రేకుల కింద కూర్చున్న టైపిస్టు అమ్మ పేరున మరాఠీలో కొట్టి చదివాడు. ఆచారం ప్రకారం కోడలి పేరు మార్చాను, ఆ పేరూ ఈ పేరూ ఆమెవే, అని రెండు ముక్కలు.

అమ్మకు మరాఠీ బాగానే వచ్చు. "గింతేనా? ఇది ఒట్టు వెట్టి చెప్పుడే గదా?" అంది నాతో. అవునన్నాను. "అయితె ఇంకొకటి రాయమను. పిల్లను అడగకుండ మార్చిన అని రాయమను."

నేను టైపిస్టుకు చెప్పాను. దాంతో మీ పనికి ఏం సంబంధం లేదు మావశీ, అని అమ్మకు పిన్ని వరస కలిపి అన్నాడతను.

"ఒట్టు వెట్టి సగమే చెప్తె ఎట్ల? రాయమను. ఉంగరంతోని రాసినోడు నా కొడుకే, వాడు గూడ అడగలె. అది గూడ రాయమను."

నాకు తలెత్తబుద్ధి కాలేదు. నేను కసిరిన మాట ఇంకా నా నోట్లోనే చేదుగా ఉంది. టైపిస్టు ఆ రెండు వాక్యాలూ కలిపి, మొత్తం నా భార్యకు హిందీలో చదివి వినిపించాడు. తను కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. అన్ని రోజుల్లో ఒక్కసారి కూడా తను పేరు గురించి ఏమీ అనలేదు, కాబట్టి బాధ లేదని నేననుకున్నాను.

పంచాయతీ రికార్డు సరిచేయించి, ప్రమాణ పత్రంతో కలిపి మేడమ్‌కు ఇచ్చాను. హవల్దారు రెండోసారి విచారణకు వచ్చేలోపు అమ్మ వాడంతా తిరిగి పాస్‌పోర్టు పేరు అందరిచేతా వల్లె వేయించింది. ఈసారి ఆయన అడగకముందే కిరాణా కొట్టాయన చెప్పేశాడు. గడువుకు రెండు రోజుల ముందు అనుమతి మెయిల్‌లో వచ్చింది. చదివి వినిపించాను.

"ఇగ పోదు గదా?" అంది అమ్మ.

"పోదమ్మా."

అప్పుడు నా భార్య వైపు తిరిగి, నిన్ను ఏ పేరుతో పిలవమంటావు అని హిందీలో అడిగింది. నా పేరే నాకిష్టం అత్తమ్మా, అంది తను.

"మొదలే చెప్పకపోతివేంది?"

"మీరు అడగలే" అంది నా భార్య, తెలుగులోనే.

అమ్మ అవునన్నట్టు తలూపింది. లోపలికి వెళ్లి అన్నం వడ్డించి, పాస్‌పోర్టులో ఉన్న పేరు మూడు ముక్కలూ వరసగా, పుట్టింటి ఇంటిపేరుతో సహా, కూడబలుక్కుంటూ తినడానికి రమ్మని పిలిచింది.